చేతిగొడ్డలి (పనిముట్టు)

చేతిగొడ్డలి ఒక్క చేత్తో పట్టుకొని వాడటానికి వీలైన, పొట్టి పిడి గల గొడ్డలి. ఆంగ్లంలో దీనిని హాచెట్ అంటారు. అడవులలోను, కొండలలోను గుడారాలు వేసుకొని విడిది చేసేవారు నెగడు (చలిమంట) కోసం కట్టెలు సిద్ధం చేసుకోవడానికి దీనిని వాడతారు. నిలిచి ఉన్న చెట్లను కూల్చడం దీని పని కాదు. కట్టెను నిలువుగా చీల్చి లోపలి పొడి భాగాన్ని బయటకు తీయడం దీని ముఖ్య ప్రయోజనం.

పాతరాతియుగపు మానవులు వాడిన, పిడి లేని రాతి పనిముట్టును కూడా తెలుగులో చేతిగొడ్డలి అనే అంటారు. ఈ వ్యాసం పిడి గల లోహపు గొడ్డలి గురించినది.

చరిత్ర

పిడి గల చిన్న గొడ్డళ్ళు చాలా ప్రాచీనమైనవి. 1991లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులోని ఆల్ప్స్ పర్వతాలలో, మంచులో బయటపడిన ఓట్జీ అనే మనిషి దేహం వద్ద పిడితో సహా ఒక రాగి గొడ్డలి దొరికింది. అది సుమారు 5,300 సంవత్సరాల నాటిది. దాని రాగి భాగం పొడవు 10 సెంటీమీటర్ల లోపే.

హాచెట్ అనే పేరు ఫ్రెంచి భాషలో "చిన్న గొడ్డలి" అనే అర్థం గల మాట నుండి వచ్చింది. విహారం కోసం అడవులలో విడిది చేసే అలవాటు 19వ శతాబ్దంలో ఉత్తర అమెరికాలో వ్యాపించింది. జార్జ్ వాషింగ్టన్ సియర్స్ 1884లో "నెస్‌మక్" అనే కలంపేరుతో ప్రచురించిన "వుడ్‌క్రాఫ్ట్" అనే పుస్తకంలో, అడవికి వెళ్ళేవారు తేలికైన చిన్న గొడ్డలిని వెంట ఉంచుకోవాలని చెప్పాడు. గ్యారీ పాల్సన్ 1987లో రాసిన బాలల నవల "హాచెట్"లో, విమాన ప్రమాదం తరువాత కెనడా అడవిలో ఒంటరిగా చిక్కుకున్న బాలునికి ఈ పనిముట్టే ఆధారమవుతుంది.

నిర్మాణం

నెగడు పనికి వాడే చేతిగొడ్డలి పిడి సాధారణంగా 30 నుండి 40 సెంటీమీటర్ల పొడవు, తల సుమారు 450 నుండి 700 గ్రాముల బరువు ఉంటుంది. పిడిని తెలుగులో కామ అని కూడా అంటారు. అమెరికాలో హికరీ కలపతోను, ఐరోపాలో యాష్ కలపతోను పిడులు చేస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెలలో పనిముట్ల పిడులకు తుమ్మ కర్ర ప్రసిద్ధి. తల, పిడి ఒకే ఉక్కు ముక్కగా ఉండే రకాలు కూడా ఉన్నాయి. పలుచని వాదర (పదును అంచు) కట్టెలోకి సులువుగా దిగుతుంది. తల వెనుకకు పోయే కొద్దీ మందమవుతూ కట్టెను రెండుగా విడదీస్తుంది.

కట్టెల తయారీ

వాన తరువాత కట్టె పైభాగం, బెరడు తడిసి ఉన్నా లోపలి భాగం తరచు పొడిగానే ఉంటుంది. తడి కట్టెలోని నీరు ఆవిరి కావడానికే మంట వేడి చాలావరకు ఖర్చవుతుంది కనుక అది అంటుకోదు. చీల్చిన కట్టెకు బెరడు అడ్డు ఉండదు. గాలి తగిలే ఉపరితలం పెరుగుతుంది. పలుచని అంచులు త్వరగా నిప్పు అందుకుంటాయి. చేతిగొడ్డలి ఉపయోగం అంతా ఈ సూత్రం మీదనే ఆధారపడి ఉన్నది.

ఎండిపోయి, నేలకు తగలకుండా ఏటవాలుగా ఆగి ఉన్న కొమ్మలు మంచివి. నేలమీద పడి ఉన్నవి చెమ్మ పీల్చుకొని ఉంటాయి. కట్టెను 30 సెంటీమీటర్ల ముక్కలుగా చేయడానికి మడత రంపం మేలు. రంపం లేనప్పుడు ఒకే చోట అడ్డంగా కొట్టక, రెండు వైపుల నుండి ఏటవాలుగా కొట్టి గంటు పెట్టాలి.

చీల్చేటప్పుడు గొడ్డలిని ఎత్తి విసరవలసిన పని లేదు. కట్టె చివర వాదరను ఆనించి, కట్టెను, గొడ్డలిని కలిపి ఎత్తి, రెండూ ఒకేసారి తగిలేలా మొద్దుమీద కొట్టాలి. వాదర లోపలికి దిగిన తరువాత పిడిని పక్కకు తిప్పితే కట్టె విడిపోతుంది. ఈ పద్ధతిలో వేళ్ళకు ప్రమాదం తక్కువ.

ముక్కలను మూడు పరిమాణాలుగా వేరు చేసుకోవాలి: అగ్గిపుల్ల మందం పుల్లలు, బొటనవేలి మందం చిదుగులు, మణికట్టు మందం పేళ్ళు. మంట వెలిగించక ముందే ఇవన్నీ చేతికి అందేలా ఉండాలి. వెలిగించిన తరువాత చీల్చడం మొదలుపెడితే మంట ఆరిపోతుంది.

ప్రమాదాలు, జాగ్రత్తలు

పొట్టిగా ఉండటం వలన ఇది సురక్షితమని అనుకోవడం పొరపాటు. పొడవైన గొడ్డలి గురి తప్పితే తరచు ముందున్న నేలను తాకుతుంది. పొట్టి గొడ్డలి దెబ్బ తప్పితే దాని దారి మోకాలు, పిక్క వైపుకే వస్తుంది. అందువలన మోకాళ్ళపై కూర్చొని, కట్టెకు అడుగున వెడల్పైన మొద్దు ఉంచి పని చేయాలి. అప్పుడు తప్పిన దెబ్బ మొద్దుమీదనో నేలమీదనో పడుతుంది.

* చేయి చాచి గొడ్డలిని తిప్పితే అందేంత దూరంలో ఎవరూ ఉండరాదు.
* నిలబెట్టిన కట్టెను వేళ్ళతో పట్టుకొని పైనుండి కొట్టరాదు.
* చీకటిలో, అలసటలో పని ఆపివేయాలి.
* పని లేనప్పుడు వాదరకు తొడుగు వేయాలి.
* తల వెనుక భాగాన్ని ఇనుప వస్తువులపై సుత్తిగా వాడరాదు.

నిర్వహణ

మొద్దుబారిన వాదర కట్టెలో దిగక పక్కకు జారుతుంది కనుక పదునైన దానికంటే ప్రమాదకరం. గంట్లు పడితే ఆకురాయితో అరగదీసి, తరువాత సానరాయితో పదును పెడతారు. తల వదులైతే నీళ్ళలో నానబెట్టే అలవాటు ఉన్నది. అయితే ఉబ్బిన కర్ర ఎండిన తరువాత మరింత వదులవుతుంది. కొత్త చీల బిగించడమే సరైన పద్ధతి.

చట్టాలు

స్వీడన్‌లో ప్రకృతిలో స్వేచ్ఛగా తిరిగే హక్కు అందరికీ ఉన్నది. రాలిన పుల్లలను నెగడుకు ఏరుకోవచ్చు కాని, బతికి ఉన్న చెట్ల కొమ్మలను నరకరాదు. భారతదేశంలో రిజర్వు అడవులలో అనుమతి లేకుండా చెట్లు నరకడం, నిప్పు రాజేయడం 1927 నాటి భారత అటవీ చట్టం ప్రకారం నేరం. అభయారణ్యాలలో నిప్పు పెట్టడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధిస్తున్నది.

ఇవి కూడా చూడండి

* గొడ్డలి
* నెగడు
* వంటచెరకు