ఎండ పట్టు వదిలించాక గాలి వస్తుంది

హ్యూస్టన్‌లోనో, టాంపాలోనో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో చాలామంది నెత్తిన ఉన్నది తారు షింగిలే. దాని పుట్టుక మాత్రం హరికేన్ల ఊసే లేని మిషిగన్‌లో. 1903లో గ్రాండ్ రాపిడ్స్‌కు చెందిన రూఫింగ్ కాంట్రాక్టరు హెన్రీ రేనాల్డ్స్, చుట్టలుగా వచ్చే తారు అట్టను ముక్కలు కోసి పెంకుల్లా వరసలు పేర్చాడు. చెక్క పెంకుల మీద నిప్పురవ్వ పడితే వీధులే తగలబడే రోజులవి. చెక్క మానేయమని అగ్నిబీమా సంస్థలు పట్టుబట్టడంతో తారు కప్పు దేశమంతా పాకింది. అలా నిప్పు భయంతో పెరిగిన వస్తువు, గాలి సంగతి తర్వాత నేర్చుకుంది.

షింగిల్‌కు మేకులు పైభాగంలోనే పడతాయి. కింది అంచును పట్టి ఉంచేది ఎండకు మెత్తబడి అతుక్కునే సన్నటి తారు జిగురు పట్టీ. 1950ల నాటికి ఇది వాడుకలోకి వచ్చింది. పట్టీ ఊడితే గాలి అంచు కిందికి దూరి షింగిల్‌ను పైకి మడుస్తుంది. అది మేకు దగ్గర చిరిగి ఎగిరిపోతుంది, పక్కవాటికీ దారి ఇస్తుంది.

1992 ఆగస్టు 24న ఆండ్రూ హరికేన్ దక్షిణ ఫ్లోరిడాను ఊడ్చేసినప్పుడు, చాలా కప్పుల్లో మేకులకు బదులు స్టేపుల్ పిన్నులు కొట్టారని బయటపడింది. అక్కడ వాటిని నిషేధించారు. షింగిల్‌కు ఆరు మేకులు తప్పనిసరయ్యాయి. 2002లో రాష్ట్రమంతటికీ ఒకే భవన నియమావళి అమలైంది.

మేకుల లోపం దిద్దారు, సరే. జిగురు మాటేమిటి? ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు పాత కప్పులెక్కి అంచులు ఎత్తి చూస్తే, ఏ తుఫానూ తాకకముందే పట్టీలు చాలాచోట్ల విడిపోయి ఉన్నాయి. పగటి వేడికి సాగి, రాత్రి చలికి ముడుచుకుని, షింగిళ్ల అతుకుల దగ్గర అవి పట్టు వదిలేశాయి. కింద నిలబడి చూసేవారికి కప్పు నిక్షేపంగానే కనిపిస్తుంది. జిగురే కాదు, షింగిలూ అరుగుతుంది: వడగళ్లకు, జడివానకు పైనున్న రాతిరేణువులు రాలి గట్టర్లో చేరతాయి. వాటి నీడ పోయిన తారు ఎండకు పెళుసుబారుతుంది.

షింగిల్‌కు గాలి యోగ్యత ఇచ్చే ఒక ప్రామాణిక పరీక్షలో గంటకు 177 కిలోమీటర్ల గాలిని రెండు గంటలు వీయిస్తారు, అదీ కొత్త సరుకు మీద. ఏళ్ల తరబడి ఎండిన కప్పుకు ఆ చీటీ ఏం భరోసా? ఈ ప్రశ్న ముందే వేసి ఉండాల్సింది. 2010లో దక్షిణ కరోలినాలోని రిచ్‌బర్గ్‌లో బీమా సంస్థలు 105 పెద్ద ఫ్యాన్లతో పరిశోధనశాల తెరిచాయి. కప్పు నమూనాలను ఏళ్లపాటు ఆరుబయట ఎండకూ వానకూ వదిలేసి, ముదిరాకే గాలికి పెట్టే పని అక్కడ సాగుతోంది.