బిడ్డ మెడలో గొలుసుకో సెక్షన్

1860 నాటి భారత శిక్షాస్మృతిలో 369వ సెక్షన్ ఒకటుండేది. పదేళ్లలోపు బిడ్డను, ఒంటిమీది సొమ్ము కాజేసే ఉద్దేశంతో ఎత్తుకుపోతే ఏడేళ్ల దాకా జైలు. మురుగులు, కడియాలు, మొలతాడు, మెళ్లో గొలుసు పెట్టించి పిల్లల్ని వీధిలోకి వదిలే దేశం కాబట్టి, చట్టం రాసినవాళ్లకు ఈ నేరం విడిగా కంటబడింది. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకొచ్చాక కూడా ఆ సెక్షన్ పోలేదు. నంబరు మార్చుకుని 97గా మిగిలింది.

కోలారు బంగారు గనుల్లో (కేజీఎఫ్) ఈ సెక్షన్ గుర్తొస్తే కాస్త వింతగానే ఉంటుంది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ ఇక్కడ అడుగుపెట్టింది మొదలు, 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడేదాకా ఈ ఊళ్లో కాపలా అంటే బంగారానికే. గనిలోంచి పైకొచ్చిన కూలీని తడిమి చూసి పంపేవాళ్లు. కోలారు జిల్లా పోలీసులతో సంబంధం లేకుండా కేజీఎఫ్‌కు సొంత ఎస్పీ ఉండటం ఆనాటి ఏర్పాటు తాలూకు మిగులే. పోయిన సొమ్ము మీద ఇంత పట్టింపున్న మన వ్యవస్థ, పోయిన బిడ్డ మీద అదే పట్టింపు చూపడానికి 2013 దాకా ఆగింది.

అప్పటిదాకా స్టేషన్‌కు పరుగెత్తిన తల్లిదండ్రులకు తరచూ వినపడిన మాట: ‘చుట్టాలింటికి పోయుంటాడు, రెండు రోజులు చూడండి.’ పేరు డైరీలోకి ఎక్కేది, కేసు అయ్యేది కాదు. పిల్లల హక్కుల సంస్థ బచ్‌పన్ బచావో ఆందోళన్ వేసిన పిటిషన్‌పై 2013 మే 10న సుప్రీంకోర్టు ఆ అలవాటుకు అడ్డుకట్ట వేసింది. బిడ్డ కనిపించడం లేదంటే ఎఫ్ఐఆర్ రాయాల్సిందే. ఎత్తుకుపోయారనో, అక్రమ రవాణా జరిగిందనో మొదటే అనుకుని వెతకాలి. నాలుగు నెలలైనా జాడ తెలియకపోతే కేసు మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి వెళ్లాలి. పాత చట్టంలో సంరక్షకుల నుంచి ఎత్తుకుపోవడమనే నేరానికి మగపిల్లలకు పదహారేళ్లు, ఆడపిల్లలకు పద్దెనిమిదేళ్లు హద్దు. కొత్త సంహితలో ఇద్దరికీ పద్దెనిమిదే. బిచ్చమెత్తించడానికి పిల్లల్ని ఎత్తుకుపోతే కనీసం పదేళ్లు, అందుకోసం అవిటివాళ్లను చేస్తే కనీసం ఇరవై ఏళ్లు శిక్ష.

కాగితం మీద ఇదంతా బాగుంది. వేగం సంగతే తేలలేదు. 1996లో అమెరికాలోని ఆర్లింగ్టన్‌లో ఆంబర్ అనే తొమ్మిదేళ్ల పాపను ఎత్తుకుపోయి చంపేశాక, అక్కడి రేడియో, టీవీవాళ్లు పోలీసులతో కలిసి ఒక హెచ్చరిక పద్ధతి పెట్టుకున్నారు. అపహరణ నిజమని పోలీసులు నమ్మాకే, ఆనవాళ్లు చేతికొచ్చాకే అది మోగుతుంది. మనం మాత్రం వెబ్‌సైట్లు పెట్టుకున్నాం: ట్రాక్‌చైల్డ్, 2015 జూన్‌లో ఖోయా-పాయా. వెతుకుదామనుకున్నవాడు వెళ్లి చూడాలే తప్ప, అవి ఎవరి తలుపూ తట్టవు.

ఈ ప్రాంతానికి నిజంగా పనికొచ్చేది రైలు దగ్గరి కాపలా. గనులు మూతపడ్డాక కేజీఎఫ్ జనం పొట్టకూటికి రోజూ మారికుప్పం బండెక్కి, బంగారుపేట మీదుగా బెంగళూరు పోయి వస్తున్నారు. ఇంట్లో అలిగిన పిల్లవాడికైనా, పిల్లవాణ్ని తీసుకుపోయేవాడికైనా అదే దారి. రైల్వే రక్షక దళం 2018లో మొదలుపెట్టిన నన్హే ఫరిశ్తే కార్యక్రమంలో 2024 మే నాటికి దేశమంతటా 84 వేలకు పైగా పిల్లల్ని కాపాడినట్టు లెక్క.

అదే 2018లో మనకు లేని వేగం మరోచోట కనిపించింది. కరాచీలో ఒక స్వచ్ఛంద సంస్థ పిల్లల అపహరణపై అవగాహన కోసం తీసిన చిన్న వీడియో ఉంది. బైకు మీద వచ్చినవాళ్లు పిల్లాణ్ని ఎత్తుకుపోయి, వెంటనే తెచ్చి దింపేస్తారు. ఆ దింపే ముక్క కోసేసి వాట్సాప్‌లో వదిలారు. ఏ భాషవాళ్లకు ఆ భాషలో వాయిస్ మెసేజ్‌లు తోడయ్యాయి. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వాడుకలో ఉన్న కోలారు జిల్లాకు చుట్టుపక్కలా, దూరంగానూ, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లనుకుని జనం కొట్టడంతో ప్రాణాలు పోయాయి. ఏప్రిల్ చివర్లో గుడియాత్తం దగ్గర హిందీ మాట్లాడిన ఒక మనిషి. మే నెలలో తిరువణ్ణామలై జిల్లాలో, కులదైవం గుడికి పోతూ దారిలో పిల్లలకు చాక్లెట్లిచ్చిన ఒక పెద్దావిడ. మే 23న బెంగళూరు చామరాజపేటలో రాజస్థాన్ నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన కుర్రాడు. జూలై 13న బీదర్ జిల్లా ముర్కిలో హైదరాబాద్ యువకుడు, అక్కడా చాక్లెట్లే. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ను ఐదు చాట్లకు కుదించింది. మూకదాడుల్ని అడ్డుకోవడానికి జిల్లాకో నోడల్ అధికారిని పెట్టమని జూలై 17న సుప్రీంకోర్టు చెప్పింది.

నా లెక్కలో ఆ పుకారుకూ ఆంబర్ హెచ్చరికకూ తేడా ఒక్కటే, మోగించే ముందు ఎవరో ఒకరు సరిచూడటం. అందుకు దారి మన చట్టంలో మామూలు మనిషికి సంబంధించిన చోటే ఉంది, ఎవరూ పట్టించుకోరు గానీ. బాల న్యాయ చట్టం 2015 ప్రకారం, దిక్కులేకుండా ఒంటరిగా కనిపించి మన చేతికొచ్చిన బిడ్డ సంగతి 24 గంటల్లో పిల్లల హెల్ప్‌లైన్ 1098కో, పోలీసులకో, శిశు సంక్షేమ కమిటీకో చెప్పాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, పదివేల జరిమానా, లేదా రెండూ. బంగారుపేట ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాడికీ, బండి కోసం నిలబడ్డ మనకూ వర్తించే సెక్షన్లివి: 32, 33, 34.