విశ్వవిద్యాలయ హ్యామ్ రేడియో క్లబ్బులు: కొనసాగింపు సమస్య - చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
అమెచ్యూర్ రేడియో (హ్యామ్ రేడియో) నడిపే అర్హత పరీక్ష ద్వారా వ్యక్తికి లభిస్తుంది. విశ్వవిద్యాలయ క్లబ్బు మాత్రం ఒక సంస్థ. అందులోని సభ్యులు మూడు నాలుగేళ్లకొకసారి మారిపోతారు. ప్రసారంలో ఆరితేరిన విద్యార్థి పట్టా పుచ్చుకొని వెళ్లినప్పుడు ఆ నైపుణ్యమూ అతనితో వెళ్లిపోతుంది. మేడమీద యాంటెన్నా మిగిలినా, దానిని వాడగలవారు మిగలకపోవచ్చు. ఈ సమస్యకు చరిత్రలో లభించిన సమాధానాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. చట్టం, నిశ్శబ్దం:
అమెరికాలో హార్వర్డ్ వైర్‌లెస్ క్లబ్, ఎం.ఐ.టి. రేడియో సొసైటీ రెండూ తమ ఆరంభాన్ని 1909గా చెప్పుకొంటాయి. 1912 నాటి రేడియో చట్టం లైసెన్సును తప్పనిసరి చేసి, ఔత్సాహికులను 200 మీటర్లకు మించని తరంగదైర్ఘ్యాలకు పరిమితం చేసింది. అప్పట్లో అంతగా విలువలేనివిగా భావించిన ఆ హ్రస్వతరంగాల మీదనే 1923 నవంబరులో అట్లాంటిక్‌కు ఇరువైపులా ఉన్న ఔత్సాహికులు పరస్పరం సంభాషించగలిగారు.

క్లబ్బులకు అసలైన పరీక్ష యుద్ధకాలంలో ఎదురైంది. 1917 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలో ప్రవేశించడంతో ఔత్సాహిక కేంద్రాలు మూతపడ్డాయి. 1919లో గాని ప్రసారాలకు తిరిగి అనుమతి రాలేదు. 1941 డిసెంబరులో మొదలైన రెండవ నిశ్శబ్దం 1945 దాకా సాగింది. సాధారణ ఔత్సాహికునికి ఇది విరామం మాత్రమే. విద్యార్థి సంఘానికి మాత్రం ఒక తరం మొత్తం లోపించడమే.

2. క్లబ్బు గది - శిక్షణ:
కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ వైర్‌లెస్ సొసైటీ 1920లో ఏర్పడింది. 1930ల చివరలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థిగా ఉన్న మార్టిన్ రైల్ అక్కడి విశ్వవిద్యాలయ అమెచ్యూర్ కేంద్రాన్ని నెలకొల్పినవారిలో ఒకరు. యుద్ధకాలంలో రాడార్ సంబంధ పరిశోధనలో పనిచేసిన ఆయన, తర్వాత కేంబ్రిడ్జిలో అనేక యాంటెన్నాల సంకేతాలను కలిపి విశ్వాన్ని పరిశీలించే పద్ధతిని అభివృద్ధి చేశారు. 1974లో ఆంటొనీ హ్యూయిష్‌తో కలిసి భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆ ఘనతకు క్లబ్బే కారణమనడం అతిశయోక్తి అవుతుంది. అయితే పాఠ్యప్రణాళికకు వెలుపల, చేతులతో నేర్చుకునే చోటు ఆయనకు విద్యార్థి దశలోనే లభించిందన్నది గమనించదగిన విషయం.

3. బాధ్యత ఎవరిది?
అమెరికా నిబంధనల ప్రకారం క్లబ్బుకు కనీసం నలుగురు సభ్యులు, ఒక పేరు, నియమావళి, నిర్వహణ వ్యవస్థ ఉండాలి. లైసెన్సు మాత్రం క్లబ్బు నియమించిన ఒక ధర్మకర్త పేరిట జారీ అవుతుంది. మన దేశంలో 1978 నాటి అమెచ్యూర్ సర్వీస్ నియమాలు క్లబ్బులకు, విద్యాసంస్థలకు లైసెన్సు పొందే వీలు కల్పించాయి. ఇక్కడా అర్హతగల ఔత్సాహికుడొకరు కేంద్రం బాధ్యత వహించాలి. హైదరాబాదులో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వంటి సంస్థల అండ తెలుగు ప్రాంత కళాశాలలకు అందుబాటులో ఉంది.

ఈ నియమాల వల్ల అధ్యాపకుని పాత్ర కీలకమవుతుంది. విద్యార్థులు మారినా కాల్‌సైన్ నిలవాలంటే స్థిరంగా ఉండే వ్యక్తి కావాలి. అయితే అధ్యాపకుడు కాపాడగలిగేది అనుమతిని మాత్రమే. ప్రసార విద్య నిలవాలంటే చివరి సంవత్సరం విద్యార్థి పక్కన మొదటి సంవత్సరం విద్యార్థి కూర్చోవాలి.

ముగింపు:
పరికరాల కొనుగోలుతో క్లబ్బు ఏర్పడుతుంది గాని నిలవదు. స్థిరమైన బాధ్యత, ఏటేటా జరిగే విద్యాప్రదానం అనే రెండింటిలో ఏది లోపించినా నిశ్శబ్దం తప్పదు. ఆ నిశ్శబ్దానికి యుద్ధమే రానక్కరలేదు, ఒక స్నాతకోత్సవం చాలు.