బర్మా ముద్రగల రూపాయి నోట్లు

కళింగపట్నము, భీమునిపట్నము మున్నగు రేవులనుండి రంగూనునకుఁ గూలికై తరలిన శ్రీకాకుళ, విజయనగర ప్రాంతీయులకు సుపరిచితమై, నేఁడు సేకర్తల యభిమానమునకుఁ బాత్రమైన కాగితపు ద్రవ్యమిది. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశమునుండి వేఱుపడఁగా, ఐదవ జార్జి ప్రతిమగల భారతీయ నోట్లపైననే, బర్మాలో మాత్రమే చెల్లునను నర్థముగల ఆంగ్లవాక్యమును అదనముగా ముద్రించి యచటఁ జలామణి చేసిరి. ఐదు, పది రూపాయల నోట్లమీఁద బర్మీయ లిపి సరసనే తెలుఁగు లిపియు నుండుట మనకు ముచ్చట గొలుపును.

1942లో ఆక్రమించిన జపాను సైన్యము 'బి' అక్షరముతో విడుదలచేసిన రూపాయి నోట్లు అపారముగా ముద్రితములై, యుద్ధానంతరము చెల్లకపోవుటచే, ఎంత పాతవైనను చౌకగానే దొరకును. ప్రాచీనత యొక్కటే వెలను పెంచునను భ్రమకు ఇదియే సమాధానము. 1945లో బ్రిటిషువారి బర్మా సైనిక పరిపాలన ముద్రతో మరికొన్ని భారతీయ నోట్లు వెలువడెను; బర్మాకును నోట్లు జారీచేసిన భారత రిజర్వు బ్యాంకునకు ఆ దేశముతోఁగల ద్రవ్యసంబంధము 1947తో ముగిసెను.

మూల్యనిర్ణయమునకు అరుదుదనము, సంతకము, మడతలు, అంచుల స్థితి ప్రధానములు. నోట్లకట్టలను గ్రుచ్చి కట్టుట నాఁటి ఆచారమగుటచే సూదిచిల్లులను సేకర్తలు కొంత సహింతురు గాని, కడిగి ఇస్త్రీ చేసిన నోటును సహింపరు.