మోటారు స్టార్టర్‌కు, జీపీఎస్‌ ట్రాకర్‌కు ఏ సిమ్‌ వేయాలి? చూడాల్సింది జీబీలు కాదు, గడువు

పులివెందులలో కాపురం ఉంటూ లింగాల వైపు చీనీ తోట చూసుకునే రైతు, ప్రొద్దుటూరులో దుకాణం ముందు రాత్రంతా బండి నిలిపే వ్యాపారి, జమ్మలమడుగు నుంచి గండికోటకు కిరాయిలు తిప్పే టాక్సీ యజమాని. ఈ ముగ్గురి దగ్గరా ఇప్పుడు ఫోన్‌ కాకుండా ఇంకో సిమ్‌ ఉంటోంది. అది బోరు మోటారు స్టార్టర్‌లోనో, బండి ట్రాకర్‌లోనో, తోటలోని కెమెరాలోనో ఉంటుంది.

ఫోన్‌లో రీచార్జ్‌ అయిపోతే వెంటనే తెలిసిపోతుంది. ఈ పరికరాల్లో అయిపోతే తెలియదు. ఎండాకాలంలో మోటారు ఆన్‌ కానప్పుడో, బండి పోయి మ్యాప్‌ తెరిచి చూసినప్పుడో బయటపడుతుంది. అందుకే వీటికి ప్లాన్‌ ఎంచుకునే పద్ధతి ఫోన్‌కు ఎంచుకునే పద్ధతికి భిన్నంగా ఉండాలి.

అసలు ఎంత డేటా కావాలి?

చాలామంది ఊహించే దానికన్నా చాలా తక్కువ. ఒక ట్రాకర్‌ ప్రతి 30 సెకన్లకు ఒకసారి 300 బైట్ల సమాచారం పంపుతుందనుకుందాం. రోజుకు 2,880 సార్లు పంపినా మొత్తం ఒక ఎంబీ కన్నా తక్కువే. నెలకు సుమారు 26 ఎంబీ. పది సెకన్లకు ఒకసారి పంపేలా పెట్టుకున్నా నెలకు 78 ఎంబీ, ఏడాదికి ఒక జీబీ లోపే. అలాంటి పరికరానికి రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్లాన్‌ వేస్తే ఆ డేటా దాదాపు మొత్తం వృథా అవుతుంది.

మోటారు స్టార్టర్లలో చాలావాటికి అసలు డేటానే అక్కర్లేదు. అవి కాల్‌తోనో ఎస్సెమ్మెస్‌తోనో పనిచేస్తాయి. యాప్‌తో నడిచే రకాలకే డేటా కావాలి.

కెమెరా లెక్క వేరు. సెకనుకు ఒక మెగాబిట్‌ చొప్పున వీడియో పంపే 4జీ కెమెరా గంటకు 450 ఎంబీ, రోజంతా నడిస్తే 10 జీబీకి పైగా తింటుంది. మనిషో పశువో కదిలినప్పుడే నిమిషం పాటు పంపేలా సెట్‌ చేస్తే, రోజుకు 20 సార్లు కదలిక ఉన్నా 150 ఎంబీతో సరిపోతుంది. వీడియోను కెమెరాలోని మెమరీ కార్డులో దాచి, అవసరమైనప్పుడు మాత్రమే ఫోన్‌లో చూడటం ఇంకా చవక. రోజువారీ డేటా ప్లాన్‌ అవసరమయ్యేది ఈ ఒక్క పరికరానికే.

2జీ పరికరమా, 4జీ పరికరమా?

ప్లాన్‌ కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. మార్కెట్‌లో తక్కువ ధరకు దొరికే స్టార్టర్లు, ట్రాకర్లలో 2జీ మాత్రమే పట్టేవి ఇంకా ఉన్నాయి. జియో 2016లో మొదలైనప్పటి నుంచీ 4జీ నెట్‌వర్కే. దానికి 2జీ లేదు. కాబట్టి 2జీ పరికరంలో జియో సిమ్‌ వేస్తే ఎంత పెద్ద ప్లాన్‌ ఉన్నా పనిచేయదు. ఎయిర్‌టెల్‌, వొడాఫోన్‌ ఐడియా, బీఎస్‌ఎన్‌ఎల్‌ 2జీని నడుపుతున్నాయి. ఎయిర్‌టెల్‌ 3జీని 2020లోనే ఆపేసింది. అందువల్ల 3జీ పరికరం కొనడంలో అర్థం లేదు.

4జీ పరికరమైనా రెండు విషయాలు అడగాలి. మొదటిది, అది ఏ బ్యాండ్లను పట్టుకుంటుంది? బీఎస్‌ఎన్‌ఎల్‌ తన స్వదేశీ 4జీని 2025 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ప్రారంభించింది. ఆ నెట్‌వర్క్‌లో 700 మెగాహెర్ట్జ్‌, అంటే బ్యాండ్‌ 28, ముఖ్యమైనది. విదేశీ మార్కెట్‌ కోసం తయారైన కొన్ని చవక పరికరాలకు ఈ బ్యాండ్‌ ఉండదు. రెండోది, కాల్‌తో నడిచే స్టార్టర్‌ అయితే 4జీలో వాయిస్‌ కాల్‌ పనిచేస్తుందా? వోల్టీ లేని పరికరంలో జియో సిమ్‌ వేస్తే డేటా వస్తుంది, కాల్‌ రాదు.

మోటారు స్టార్టర్‌కు ఏ ప్లాన్‌?

డేటా అవసరం లేని స్టార్టర్‌కు కాల్స్‌, ఎస్సెమ్మెస్‌ మాత్రమే ఉన్న ప్లాన్‌ సరిపోతుంది. ఇలాంటివి విడిగా ఇవ్వాలని ట్రాయ్‌ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. అంతకు ముందు 90 రోజులకే పరిమితమైన ప్రత్యేక వోచర్ల గడువును 365 రోజుల దాకా పెంచింది. దాని ప్రకారం 2025 జనవరిలో ఎయిర్‌టెల్‌ 84 రోజులకు రూ.469, 365 రోజులకు రూ.1,849 ప్లాన్లు తెచ్చింది. జియో 84 రోజులకు రూ.448, 336 రోజులకు రూ.1,748 పెట్టింది. ధరలు మారుతుంటాయి కాబట్టి రీచార్జ్‌ చేసే రోజున కంపెనీ యాప్‌లో చూసుకోవాలి. యాప్‌ మొదటి పేజీలో ఇవి కనిపించకపోతే ‘వాల్యూ’, ‘వాయిస్‌’ వంటి విభాగాల్లో వెతకాలి.

నెలవారీ ప్లాన్‌తో పోల్చేటప్పుడు ఒక లెక్క మరవొద్దు. ‘నెల’ అంటే ఇక్కడ 28 రోజులు. ఏడాదికి 12 కాదు, 13 రీచార్జ్‌లు పడతాయి. రూ.199 చొప్పున 13 సార్లు వేస్తే రూ.2,587 అవుతుంది. పైగా 13 గడువు తేదీలు గుర్తుపెట్టుకోవాలి. ఏడాది ప్లాన్‌కు ఒక్క తేదీ చాలు.

ఎస్సెమ్మెస్‌ల సంఖ్య కూడా చూడాలి. మోటారు ఆన్‌ అయినా, ఆఫ్‌ అయినా, ఒక ఫేజ్‌ పోయినా స్టార్టర్‌ మెసేజ్‌ పంపుతుంది. కరెంటు వచ్చిపోతూ ఉండే రోజుల్లో ఇవి పదుల్లో ఉంటాయి. 84 రోజులకు 900 ఎస్సెమ్మెస్‌లంటే రోజుకు పది చిల్లర. అంతకు మించి వచ్చేలా ఉంటే, మెసేజ్‌ బదులు మిస్డ్‌ కాల్‌ ఇచ్చేలా స్టార్టర్‌లో మార్చుకోవచ్చు.

బండి ట్రాకర్‌కు?

దీనికి డేటా తప్పనిసరి. ఇక్కడే ఎక్కువ మంది పొరబడతారు. తక్కువ ధరకు కనిపించే ‘డేటా ప్యాక్‌’ వేసి పనైపోయిందనుకుంటారు. ఇలాంటి టాపప్‌లలో ఎక్కువవాటితో సిమ్‌ గడువు పెరగదు. సిమ్‌లో అప్పటికే ఒక మూల ప్లాన్‌ నడుస్తుంటేనే పనిచేస్తాయి. కాబట్టి వెతకాల్సింది ఎక్కువ రోజుల గడువు, మొత్తం మీద కొద్ది జీబీల డేటా ఉన్న ప్లాన్‌. ట్రాకర్‌కు 5జీ, ఓటీటీ, అపరిమిత డేటా వంటివి ఏవీ ఉపయోగపడవు.

సిమ్‌ వేశాక ఏపీఎన్‌ సెట్‌ చేయాలి. ఫోన్‌ దాన్ని తనంతట తానే తీసుకుంటుంది. ట్రాకర్లు చాలావరకు తీసుకోవు. పరికరంతో వచ్చిన కాగితంలో చెప్పిన విధంగా ఎస్సెమ్మెస్‌ పంపి నమోదు చేయాలి. సిగ్నల్‌ ఉన్నా మ్యాప్‌లో బండి కదలడం లేదంటే మొదట చూడాల్సింది ఇదే.

సిగ్నల్‌ ఎక్కడ చూడాలి?

ఇంట్లో కాదు, పరికరం ఉండే చోట. పులివెందుల చుట్టూ కొండలున్నాయి. గండికోట దగ్గర పెన్నా లోతైన లోయలో పారుతుంది. రోడ్డు మీద నిండుగా ఉన్న సిగ్నల్‌ కొండ మలుపు తిరిగేసరికి పోవచ్చు. కొనబోయే కంపెనీ సిమ్‌ను మామూలు ఫోన్‌లో వేసి బోరు దగ్గర నిలబడి కాల్‌ చేసి చూడండి. పరికరం 2జీ అయితే ఫోన్‌ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌ను 2జీకి మార్చి పరీక్షించాలి. 4జీ ఉన్న ప్రతిచోటా 2జీ ఉండాలని లేదు. ఇనుప పెట్టెలో స్టార్టర్‌ ఉంటే యాంటెనాను పెట్టె బయటికి తీసి బిగించాలి. ట్రాకర్‌ విషయంలో బండి రోజూ తిరిగే దారిలో రెండు మూడు చోట్ల చూస్తే చాలు.

టెలికాం కంపెనీలు 2జీ, 4జీ, 5జీ కవరేజీ మ్యాపులను తమ వెబ్‌సైట్లలో పెట్టాలని ట్రాయ్‌ 2024 నిబంధనల్లో ఆదేశించింది. వాటితో ఒక అంచనాకు రావచ్చు. అయినా మొదటిసారే ఏడాది ప్లాన్‌ వేయకండి. ఒక నెల చూసి, బాగుంటేనే పెద్ద ప్లాన్‌కు వెళ్లండి.

టాక్సీ, బస్సుల్లోని సిమ్‌ సంగతేంటి?

ఇది వేరే తరహా. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని 125హెచ్‌ కింద 2019 జనవరి 1 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే టాక్సీలు, బస్సుల వంటి ప్రజా రవాణా వాహనాలకు ట్రాకింగ్‌ పరికరం, అత్యవసర బటన్‌ ఉండాలి. ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు, ఈ-రిక్షాలకు మినహాయింపు ఉంది. ఈ పరికరాలు ఏఐఎస్‌ 140 ప్రమాణానికి తగ్గట్టు ఉండాలి. వాటిలో సిమ్‌ లోపలే అమర్చి ఉంటుంది. దుకాణంలో కొన్న సిమ్‌ను అందులో వేయడం కుదరదు. ఏటా రెన్యువల్‌ చేయాల్సింది పరికరం అమ్మిన సంస్థ దగ్గరే. అందుకే కొనేటప్పుడు పరికరం ధరతో పాటు రెండో ఏడాది నుంచి ఎంత కట్టాలో రాతపూర్వకంగా తీసుకోవాలి.

యంత్రాల కోసం ఇచ్చే ఎం2ఎం సిమ్‌లకు 2018 జులై 1 నుంచి 13 అంకెల నంబర్లు కేటాయిస్తున్నారు. మన ఫోన్ల పది అంకెల నంబర్లకు దీనితో సంబంధం లేదు. ఎం2ఎం సిమ్‌ నుంచి ముందే నిర్ణయించిన నంబర్లకు, సర్వర్లకు మాత్రమే సమాచారం వెళ్తుంది. దొంగ దాన్ని తీసి ఫోన్‌లో వేసుకున్నా వాడుకోలేడు. సాధారణంగా ఇవి సంస్థల పేరుతో ఇస్తారు. పది, ఇరవై లారీలున్న యజమానులు టెలికాం కంపెనీ బిజినెస్‌ విభాగాన్నో, ట్రాకింగ్‌ సేవల సంస్థనో అడగొచ్చు. ఒక్క తోట, ఒక్క బండి ఉన్నవారికి మామూలు ప్రీపెయిడ్‌ సిమ్‌ సరిపోతుంది.

కరెంటు స్మార్ట్‌ మీటర్‌లోని సిమ్‌కు ఎవరు రీచార్జ్‌ చేయాలి?

మీరు కాదు. కడప జిల్లాకు కరెంటు సరఫరా చేసేది ఏపీఎస్పీడీసీఎల్‌. స్మార్ట్‌ మీటరు రీడింగ్‌ పంపడానికి వాడే నెట్‌వర్క్‌ ఖర్చు, బాధ్యత సంస్థ వైపే ఉంటాయి. ‘మీ మీటర్‌ సిమ్‌ గడువు అయిపోయింది, వెంటనే కట్టండి’ అంటూ ఫోనో లింకో వస్తే నమ్మొద్దు. 1912కు ఫోన్‌ చేసి నిర్ధారించుకోండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కు చెప్పండి.

గడువు తప్పితే ఏమవుతుంది?

ముందు అవుట్‌గోయింగ్‌, కొన్ని రోజులకు ఇన్‌కమింగ్‌ ఆగిపోతాయి. వరుసగా 90 రోజులు ఎలాంటి వాడకమూ లేకపోతే నంబరే రద్దయ్యే అవకాశం ఉంది. ప్రీపెయిడ్‌ ఖాతాలో కనీసం రూ.20 బ్యాలెన్స్‌ ఉంటే దాన్ని మినహాయించుకుని మరో 30 రోజులు నంబర్‌ను ఉంచాలన్నది ట్రాయ్‌ నిబంధన. పంట లేని నెలల్లో స్టార్టర్‌ను పక్కన పెట్టేవారికి ఇది పనికొస్తుంది. అయితే దీనితో నంబర్‌ నిలుస్తుందే తప్ప కాల్స్‌, డేటా రావు.

గడువు గుర్తుచేసే మెసేజ్‌ పరికరంలోని సిమ్‌కే వెళ్తుంది, చదివేవారు ఉండరు. సిమ్‌ను పరికరంలో వేయక ముందే ఫోన్‌లో పెట్టి, కంపెనీ యాప్‌లో ఆ నంబర్‌ను మీ ఖాతాకు కలుపుకోండి. ఓటీపీ ఆ సిమ్‌కే వస్తుంది కాబట్టి తర్వాత కలపాలంటే బోరు దగ్గరికి వెళ్లి సిమ్‌ తీయాల్సి వస్తుంది. గడువుకు వారం ముందు మోగేలా ఫోన్‌ క్యాలెండర్‌లో అలారం పెట్టుకోండి.

సిమ్‌ ఎవరి పేరిట ఉండాలి?

మీ పేరిట, లేదా మీ ఇంట్లోవారి పేరిట. పరికరం బిగించిన మెకానిక్‌ తన పేరిట ఉన్న సిమ్‌ వేసి ఇస్తే అప్పటికి సులువే. రేపు అది పాడైతే డూప్లికేట్‌ సిమ్‌ తీసుకోవడానికీ, వేరే కంపెనీకి మారడానికీ మీకు హక్కు ఉండదు. మన రాష్ట్రంలో ఒక వ్యక్తి పేరిట గరిష్ఠంగా తొమ్మిది మొబైల్‌ కనెక్షన్లే ఉండాలి. 2023 టెలికాం చట్టం ప్రకారం పరిమితి దాటితే మొదటిసారి రూ.50 వేల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ రూ.2 లక్షల వరకు జరిమానా పడొచ్చు. మీ పేరిట ఎన్ని ఉన్నాయో సంచార్‌ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు. తెలియని నంబర్‌ కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు.

బిగించే రోజున చేయాల్సినవి

సిమ్‌కు పిన్‌ లాక్‌ ఉంటే ముందే తీసేయండి. లేకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ పరికరం ఆగిపోతుంది.

పరికరంతో వచ్చిన 123456 వంటి పాస్‌వర్డ్‌ను వెంటనే మార్చండి.

స్టార్టర్‌లో మీ ఇంట్లోవారి నంబర్లను మాత్రమే నమోదు చేయండి. ఏ నంబర్‌ నుంచి కాల్‌ వచ్చినా స్పందించేలా వదిలేస్తే ప్రకటన కాల్‌కు కూడా మోటారు ఆన్‌ కావచ్చు. 1909 ద్వారా ఆ సిమ్‌కు డీఎన్‌డీ పెట్టించండి.

ఒక కాగితం మీద సిమ్‌ నంబర్‌, కంపెనీ, గడువు తేదీ, పాస్‌వర్డ్‌ రాసి ఇంట్లో పెట్టండి. మీరు ఊళ్లో లేనప్పుడు మోటారు వేయాల్సింది ఇంట్లోవాళ్లే.

బండి పోతే తొందరపడి ట్రాకర్‌ సిమ్‌ను బ్లాక్‌ చేయించకండి. చోటు చూపించేది ఆ సిమ్మే. 112కు ఫోన్‌ చేసి, లొకేషన్‌ను పోలీసులకు ఇవ్వండి. మీరే వెతుక్కుంటూ వెళ్లొద్దు.

వారానికి ఒకసారి, పని లేకపోయినా, పరికరానికి కాల్‌ చేసి చూడండి. సిమ్‌ ఆగిపోయిందని పంటకు నీళ్లు అవసరం లేని రోజున తెలిస్తే, సరిచేసుకోవడానికి సమయం ఉంటుంది.