తపాలా సంచి నుండి తెర వఱకు

తెలుగు దేశము విడిచి వచ్చి నాలుగైదు తరములు గడచిన మన కుటుంబములలో ఒక వింత కానవచ్చును. అవ్వ తెలుగున పిలిచినచో మనుమడు తెలుగుననే బదులు పలుకును. ఆ అవ్వయే వ్రాసిన ఉత్తరమును చేతికిచ్చినచో చదువలేక తెల్లబోవును. మాట నిలిచినది, అక్షరము జారిపోయినది. హోసూరున నడిగినను, సోలాపురమున నడిగినను, బరంపురమున నడిగినను ఇదే మాట వినబడును. యానాము వారికి తెలుగు ఊరి భాషయే గనుక వారి చిక్కులు వేరు.

2020లో బడులు మూతపడి చదువు తెరమీది కెక్కినపుడు, మన పెద్దలలో కొందఱు “ఇదేమి చదువు?” అని విసుగుకొనిరి. మఱికొందఱు, ఊరూరను చెదరియున్న మన పిల్లలకు ఇక తెలుగు పంతులు దొరికినట్లేయని సంబరపడిరి. ఇరువురును దీనిని నిన్న పుట్టిన వింతగనే తలచిరి. కాని దూరముననుండి చదువు చెప్పుటకు నూట ఎనుబదియేండ్లకు పైబడిన చరిత్ర గలదు. ఆ చరిత్రను కొంత తిరుగవేసినచో, దూరపు విద్యార్థి మనస్సు ఎచట నిలిచినది, ఎచట జారినది తేటపడును. మా అభిప్రాయమును దాచనేల? సాధన మేదైనను, శిష్యుని మారుపలుకు గురువునకు చేరు దారి యున్నచోట చదువు సాగినది. ఆ దారి లేనిచోట అది వినోదముగ మిగిలినది.

ముందుగా మన వీధిబడి మాట. అచట ఇసుకయే పలక. బాలుడు వ్రేలితో దిద్దును. తప్పినచో అరచేత చెఱిపి మరల దిద్దును. పంతులుగారు ఒక్కరు, పిల్లలు పెక్కుమంది. కావున పెద్దపిల్లలు చిన్నపిల్లలచేత దిద్దించువారు. 1789లో చెన్నపట్టణమున ఎగ్మూరు అనాథ బాలుర ఆశ్రమపు బడికి అధికారిగా వచ్చిన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు ఈ దేశపు పద్ధతిని కన్నులార చూచి తన బడిలో ప్రవేశపెట్టెను. 1797లో లండనులో దానినిగూర్చి పుస్తకము ప్రకటించెను. సీమలో దానికి ‘మద్రాసు పద్ధతి’ యనియే పేరు వచ్చినది. ఇసుకయు ఒక సాధనమే, పెద్దపిల్లవాడును ఒక సాధనమే. ఈ రెంటిని చదువరులు గుర్తుంచుకొందురు గాక. మరల వీనితో పని పడును.

దూరవిద్యకు తొలి బండి తపాలాయే. 1840లో ఇంగ్లండున పెన్నీ తపాలా ఏర్పడినది. ఆ యేడే ఐజాక్ పిట్‌మన్ తన సంక్షిప్తలిపి పాఠములను తపాలాలో పంపసాగెను. శిష్యులు బైబిలు వాక్యములను ఆ లిపిలో వ్రాసి పంపుదురు; తప్పులు దిద్దబడి ఆ కాగితము తిరిగి వచ్చును. పాఠము పోవుట వింత కాదు, పుస్తకమైనను పోవును. దిద్దిన కాగితము తిరిగి వచ్చుటయే వింత. మన దేశమున ఢిల్లీ విశ్వవిద్యాలయము 1962లో తపాలా చదువును ప్రారంభించినది.

ఇక ఆస్ట్రేలియా కథ. ఆ ఖండపు నడిమి బీళ్లలో పశువుల మందలను పెంచు కుటుంబములు ఒండొంటికి ఎన్నో మైళ్ల దూరమున నుండును. బడి లేదు, పంతులు లేడు. 1920ల చివర ఆల్ఫ్రెడ్ ట్రేగర్ అను ఇంజనీరు కాలితో త్రొక్కిన విద్యుత్తు పుట్టించుకొను రేడియోను నిర్మించెను. రోగము వచ్చినపుడు విమానమున తిరుగు వైద్యుని పిలుచుటకై అది యింటింటను అమర్చబడినది. ఆ వైద్యుల రేడియో మార్గముననే 1951లో ఆలిస్ స్ప్రింగ్సు పట్టణమునుండి పిల్లలకు పాఠములు చెప్పసాగిరి. దానిని ‘గాలిలోని బడి’ యనిరి. తొలుత పాఠము ఒకవైపుననే పోవుచుండెను. కొలదికాలములోనే ప్రతి పాఠము తుదిని ప్రశ్నలకు వేళ కల్పించిరి. ఎన్నడును ఒకరి ముఖ మొకరు చూడని పిల్లలు ఒకరి గొంతు నొకరు గుర్తుపట్ట నేర్చినది ఆ వేళలోనే.

ఇట్టి గాలి బడిలో చదివిన బాలుడొకడు, మార్టిన్ డౌగియామస్, పడమటి ఆస్ట్రేలియా ఎడారిలో పెరిగెను. ఆతడు పెద్దవాడై 2002లో ‘మూడుల్’ అను బోధనోపకరణమును లోకమున కుచితముగ నిచ్చెను. పాఠము నుంచుట, పిల్లలు చర్చించుట, చిన్నపరీక్ష పెట్టుట, జవాబు దిద్దుట అన్నియు అందొకచోట అమరినవి. నేడు అనేక దేశముల కళాశాలలు దానిని వాడుచున్నవి. అందు చర్చకు ఇచ్చిన పెద్దపీటను చూచినపుడెల్ల మాకు ఆ ఎడారిలోని రేడియో ముందు తన వంతుకై వేచియున్న బాలుడే తోచును. ఇది మా ఊహ మాత్రమే.

మన దేశమున 1956లో పుణె ఆకాశవాణి యునెస్కో తోడ్పాటుతో మరాఠీ పల్లెలలో ‘రేడియో గ్రామసభ’ లను నడపినది. నూట ఏబది వఱకు గ్రామములలో రైతులు గుంపుగ కూర్చుండి విని, రేడియో కట్టివేసి, విన్నదానిని తర్కించువారు. తీరని సందేహములు కేంద్రమునకు పోయెడివి. నేడు ‘మిశ్రమ బోధన’ యని చెప్పు పద్ధతికి, అనగా దూరమునుండి వచ్చు పాఠమును ఎదురెదుటి చర్చతో జోడించుటకు, ఇది తల్లివంటి దనవచ్చును.

తరువాత వచ్చినది ఉపగ్రహము. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహము మన దేశమునకు అరువు వచ్చినది. ‘సైట్’ అని పేరొందిన ఆ ప్రయోగమున ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒడిశా, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టెలివిజను పెట్టెలు చేరినవి. ఇనుప వలతో అల్లిన మూడు మీటర్ల గొడుగును బోరగిల నెత్తిపెట్టి ఆకాశమునుండి బొమ్మను పట్టిరి. ఉదయము బడిపిల్లలకు ఒక్కొక్క భాషలో 22½ నిముషముల పాఠము. సాయంకాలము పెద్దలకు వ్యవసాయము, ఆరోగ్యము. భాషలు నాలుగు: హిందీ, తెలుగు, కన్నడము, ఒడియా. ఒక బొమ్మకు రెండు శబ్దమార్గములు గలవు గనుక ఒకే చిత్రమును ఏకకాలమున రెండు భాషలలో వినిపింప వీలయ్యెను.

ఇచట మనవంటి వారికొక సంగతి తట్టకమానదు. కర్ణాటకమున ఆ పెట్టెలు వచ్చినది విజాపురము, గుల్బర్గా, రాయచూరు జిల్లాలకు. రాయచూరు సీమలో తెలుగు మాటలాడు ఇండ్లు కొన్ని కొన్ని కావు. వారికిని చేరినది కన్నడ ప్రసారమే. దీనికి ఎవరిని తప్పుపట్టుదుము? ఊరికొక పెట్టె, ప్రాంతమునకొక భాష. అంతకుమించి ఆ యంత్రమునకు శక్తి లేదు. ఆకాశమంత ఎత్తునుండి చూచినపుడు జిల్లా కనబడును గాని ఇల్లు కనబడదు.

ఆ ప్రయోగమునకు ఇంకొక కొఱతయు గలదు. పల్లెలోని బాలునికి ప్రశ్న పుట్టినచో దానిని అడుగుటకు పెట్టెలో దారి లేదు. నడపినవారు ఆ కొఱతను ఎఱుగనివారు కారు. ప్రాథమికోపాధ్యాయులు సుమారు 50,000 మందికి విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ నిచ్చినపుడు కేవలము టెలివిజనును నమ్ముకొనలేదు. బొమ్మ చూపి, రేడియో వినిపించి, అచ్చుపుస్తక మిచ్చి, ఎదుట ఒక సహాయకుని నిలిపి, చేతులతో ప్రయోగములు చేయించిరి. మా దృష్టిలో ‘సైట్’ మనకు మిగిల్చిన అసలు పాఠము ఇదియే. ఉపగ్రహపు గొప్పను పొగడువారు దీనిని తఱచు మఱతురు.

1982 ఆగస్టు 26న హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. దేశమున అట్టివానిలో అదియే మొదటిది. 1991 నుండి డాక్టరు బి. ఆర్. అంబేడ్కర్ పేర నడచుచున్నది. దాని తొలి ఉపాధ్యక్షులు జి. రామిరెడ్డిగారే 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును తొలి ఉపాధ్యక్షులైరి. ఉద్యోగస్థులు, గృహిణులు తెలుగున పట్టభద్రులగుటకు అది దారి తీసినది. అచ్చు పాఠములతోబాటు అధ్యయన కేంద్రములలో సెలవుదినముల తరగతులు పెట్టుట వారి ఏర్పాటు. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోటనుండి ఎగసిన ‘ఎడ్యుశాట్’ కేవలము విద్యకై నిర్మింపబడినది; అందు విద్యార్థి తిరిగి ప్రశ్న వేయు దారి కూడ నమరినది.

కంప్యూటరు కథను క్లుప్తముగ చెప్పెదము. 1960లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున డొనాల్డు బిట్జరు ‘ప్లేటో’ అను బోధనయంత్రమును నిర్మించెను. విద్యార్థి మీట నొక్కి జవాబిచ్చును. తప్పొప్పులు అప్పుడే తెలియును. 1973లో దానియందు ఒకరికొకరు వ్రాసికొను వసతి యేర్పడినది. అటుపిమ్మట అంతర్జాలము వచ్చి, 2011లో స్టాన్‌ఫర్డు వారి కృత్రిమమేధ పాఠమునకు 1,60,000 మంది చేరిరి; కడదాక నిలిచినవారు 20,000 పైచిలుకు మాత్రమే. 2014లో ఫిలిప్ గువో మున్నగువారు ‘ఎడెక్స్’ పాఠముల 69 లక్షల వీక్షణములను పరికించి, పాఠ మెంత పొడవైనను చూపరి మనస్సు సాధారణముగ ఆరు నిముషములకు మించి నిలుచుట లేదని తేల్చిరి. 2009లో అమెరికా విద్యాశాఖ ప్రకటించిన నివేదిక, తెర చదువును ఎదురెదుటి చదువుతో కలిపినచోట ఫలితము మెరుగని చెప్పినది. అట్టిచోట్ల విద్యార్థులకు కాలమును, పనియు అధికముగ లభించినవని హెచ్చరిక కూడ చేసినది. ఆ హెచ్చరికను వదలి మొదటి మాటనే చాటువారు పెక్కురు.

తెలుగువారికి వేఱొక అడ్డు ఉండెను. మారుపలుకు తెలుగున వ్రాయవలెనన్న లిపి యేది? 1991లో యూనికోడు సంకేతములలో తెలుగునకు చోటు దక్కినది గాని, ఇంటింటి కంప్యూటరులో అది కుదురుకొనుటకు పదేండ్లకు పైగా పట్టినది. అంతవఱకు ఒక యంత్రమున కొట్టిన తెలుగు ఇంకొక యంత్రమున పిచ్చిగీతలుగ కనబడెడిది. బాలుడు ‘అమ్మ’ యని వ్రాసి పంపినను పంతులుగారికి ‘అమ్మ’ చేరునను నమ్మకము లేకుండెను.

ఇక మా సంగతి. మేమున్న పట్టణము తమిళనాడు, కర్ణాటకముల సరిహద్దున నున్నది. మా సంఘభవనమున ఆదివారపు తెలుగు తరగతి చాలకాలముగ నడచుచుండెను. తమిళనాట 2006 చట్టము పిమ్మట తమిళము తప్పనిసరి యైనందున, మా పిల్లలలో పెక్కుమందికి తెలుగక్షరమునకు ఆ ఆదివారమే ఆధారము. 2020 మార్చిలో తలుపులు మూసితిమి. కొన్ని వారములకు జూములో తరగతి తెఱచితిమి. భవనమున చెప్పినట్లే గంటన్నర సేపు గుణింతములు చెప్పితిమి. మొదటివారము ముఖములు కనబడినవి. మూడవవారము నల్లని గడులును వానిలో పేరులును మిగిలినవి. మాలో వృద్ధులైన పంతులుగారొకరు, “గోడకు పాఠము చెప్పినట్లున్నదయ్యా” అనిరి. పిల్లలను కసరుకొంటిమి. తప్పు మాదేయని తెలియుటకు రెండు మాసములు పట్టినది.

పద్ధతి మార్చితిమి. అయిదు నిముషముల పాఠమును ముందే వాట్సాపులో పంపి, తరగతి వేళను పిల్లల పనికే విడిచితిమి. ప్రతివారికిని పలక కొనిపించితిమి. పంతులుగారు మాట చెప్పగనే అందఱును వ్రాసి ఒక్కసారి తెరకు చూపవలెను. ‘ద’ కు ‘ధ’ వ్రాసినవాడెవడో, తలకట్టు మఱచినదెవరో ఒక్క చూపున తెలియును. తెరను చిన్నగదులుగ విభజించి ఒక్కొక్క గదికి పెద్ద తరగతి పిల్ల నొకతెను పెద్దగ నుంచితిమి. బెల్‌గారు చెన్నపట్టణమున చూచిన ఇసుక పలకయు, పెద్దపిల్లవాడును ఈ విధముగ మరల మా యింటికి వచ్చిరి.

పిల్లలను నిజముగ కట్టివేసినది మాత్రము వేఱొకటి. వారమున కొక్క మాట యిచ్చి, ఇంటి పెద్దలనడిగి వారి గొంతుననే సెల్‌ఫోనున పట్టి తెమ్మంటిమి. ఒక వారము ‘దాలి’ ఇచ్చితిమి. పిడకలు రాజవేసి పాలు కాచు గుంట అది. మా పిల్లలలో ఒక్కరికిని తెలియదు. ఒక అవ్వ రెండు నిముషములు చెప్పిన మాటలలో దాలి, పిడక, మీగడ, కవ్వము, ఉట్టి అన్నియు దొర్లినవి. ఇంకొక వారము బియ్యము చెరుగు సాధనమును ఒకరి అవ్వ ‘చేట’ అనినది, ఇంకొకరి అవ్వ ‘చాట’ అనినది. పిల్లలు రెండు పక్షములై వాదులాడిరి. ఒకడు “బడిలో తమిళమున మురము అనిరి” అనెను. బెంగుళూరునుండి చేరిన పిల్ల “కన్నడమున మొర” యనినది. పంతులుగారు తరగతి ముగించుట మఱచిరి. ఆ దినమున నల్లని గడి యొక్కటియు లేదు.

అందఱిని నిలుపుకొంటిమని చెప్పజాలము. ‘అసర్’ సర్వే ప్రకారము గ్రామీణ భారతమున స్మార్టుఫోను గల విద్యార్థుల ఇండ్లు 2018లో నూటికి 36.5 కాగా 2020లో 61.8 కి పెరిగినవి. అయినను మిగిలినవారి మాట ఏమి? మా తరగతిలోనే అన్నదమ్ములిద్దరికి ఒకే ఫోను. పెద్దవాని బడి పరీక్షకు అది పోయినచో చిన్నవాడు రాడు. అట్టివారిలో కొందఱు మరల రానేలేదు. ఒక బడివారు ఆ యేడు తెరపాఠములలో అన్ని విషయములకును వేళలిచ్చి తెలుగు గంటను మాత్రము ఎత్తివేసిరి. మేము వెళ్లి యడిగితిమి, “చూతము” అనిరి. బడి తెఱచిన పిమ్మటను చూచుచునే యున్నారు.

ఇప్పుడు నెలకు రెండు ఆదివారములు భవనమున, తక్కినవి తెరమీద జరుపుచున్నాము. చేతివ్రాత భవనముననే; పిల్లవాని వ్రేలు పట్టుకొనుట తెరవలన కాదు. తెరమీది వారములలో పుణె, బళ్లారిల నుండి మా బంధువుల పిల్లలును చేరుచున్నారు. అవ్వల గొంతులన్నియు ఒకచోట దాచితిమి. ఆ అవ్వలలో కొందఱిప్పుడు లేరు. పెద్ద తరగతి పిల్లలు ఆ పలుకులను విని విని తెలుగున వ్రాయుచున్నారు. అర్థము కాని చోట ఖాళీ విడిచి, ఇంట నున్న పెద్దల నడిగి నింపుచున్నారు. మూడు నోటు పుస్తకములు నిండినవి. నాలుగవదానిలో మొదటి పుటను ‘దాలి’ చెప్పిన అవ్వ మనుమడు వ్రాసెను; అందు రెండు ఖాళీలు ఇంకను మిగిలియున్నవి.