ఐదున్నరకు మొదలయ్యే 1970
మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి 1998 నవంబర్ 22న ప్రారంభించారు. అప్పటికి ప్రపంచమంతా వైటూకే భయంలో ఉంది. ఏడాదిని రెండంకెలతో సరిపెట్టిన పాత ప్రోగ్రాములు 2000ను 1900 అనుకుంటాయని బెంగ. ఆ మరమ్మతు పనే కోబాల్ నేర్చిన ఎందరో తెలుగువాళ్లకు అన్నం పెట్టింది, కొందరిని అమెరికా విమానం ఎక్కించింది.

ఆ గండం గడిచింది కానీ, కాలంతో పేచీ తీరలేదు.

యూనిక్స్ కాలం 1970 జనవరి 1న గ్రీనిచ్ అర్ధరాత్రి మొదలవుతుంది. అప్పుడు మనకు తెల్లవారుజామున ఐదున్నర. అందుకే తేదీ గడిలో సున్నా పడితే హైటెక్ సిటీ తెరల మీద '1970 జనవరి 1, 5:30' ప్రత్యక్షమవుతుంది. ఆ ఐదున్నర గంటలే 19,800 సెకన్లు.

అసలు తిప్పలు వెయ్యి దగ్గర. యూనిక్స్ సెకన్లు లెక్కపెడితే, జావా మిల్లీసెకన్లు లెక్కపెడుతుంది. వంద కోట్లు అనే అంకె సెకన్లయితే మన టైములో 2001 సెప్టెంబర్ 9 ఉదయం 7:16:40. వెయ్యితో గుణించడం మరిచి అదే అంకెను జావాకు ఇస్తే 1970 జనవరి 12 సాయంత్రం 7:16:40. గోడ గడియారం ముళ్లు రెండుసార్లూ ఒకే చోట ఉంటాయి, ముప్పై ఒక్కేళ్లు మాత్రం మాయం!

గుణించినా గండమే. 24 రోజులను మిల్లీసెకన్లలోకి మారిస్తే 207 కోట్ల చిల్లర, 32 బిట్ల గడిలో ఇముడుతుంది. ఇరవై ఐదో రోజుకు అంకె పొంగి మైనస్‌లోకి పోతుంది. నెల రోజుల గడువు రాసినవాడికి అది గతంలో తేలుతుంది.

పాత పంచాంగాలే నయమనిపిస్తుంది. ఘడియంటే 24 నిమిషాలు, విఘడియంటే 24 సెకన్లు, రోజుకు 60 ఘడియలు. ఏది ఘడియో ఏది విఘడియో చదివేవాడికి తెలిసేది. ప్రోగ్రాములో అంకె ఒంటరిగా తిరుగుతుంది. 2004లో వచ్చిన జావా 5 టైమ్‌యూనిట్‌తో కొలతకు పేరు పెట్టింది, 2014లో జావా 8 డ్యూరేషన్ ఇచ్చింది. పాత కోడ్‌లో మాత్రం ఒంటరి అంకెలు ఇంకా తగులుతూనే ఉంటాయి.

32 బిట్ల సెకన్ల లెక్క 2038 జనవరి 19, మంగళవారం, మన టైము ఉదయం 8:44:07తో నిండిపోతుంది. మరుసటి సెకనుకు అలాంటి యంత్రం 1901 డిసెంబర్‌కు దూకుతుంది. లైనక్స్ 2020లోనే 5.6 కర్నెల్‌తో 32 బిట్ల యంత్రాలకూ 64 బిట్ల కాలం ఇచ్చింది.